తోక పొట్టి కత్తి

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా కూతురి కూతురు స్నేహితురాళ్ళతో కలిసి తడ అవతల కొండల్లో రెండు రోజులు గుడారం వేసుకుని ఉండి రావాలని నిశ్చయించుకుంది. గుడారం వచ్చింది, తాళ్ళు వచ్చాయి, నీళ్ళ సీసాలు వచ్చాయి. ఇక కత్తి మిగిలింది. పుల్లలు చీల్చడానికి, గుడారానికి మేకులు చెక్కడానికి, తాడు కోయడానికి, దారికి అడ్డమొస్తే ముళ్ళకంప నరకడానికి, అన్నింటికీ ఒకటే కత్తి కావాలట. మడిచేది పనికిరాదట, ధర తక్కువలో గట్టిది దొరకాలట. నా పక్కన మంచం మీద కూర్చుని ఫోనులో ఒక్కొక్క బొమ్మే జరుపుతూ, "తాతా, నువ్వు పల్లెటూళ్ళో పెరిగినవాడివి కదా, ఏది తీసుకోమంటావు?" అని అడిగింది. ఈ వయసులో నన్ను ఎవరైనా సలహా అడగడమే అరుదు. సంతోషించాల్సింది. నేను మాత్రం, ఇనుము పిడి లోపలికి ఎంత దూరం పోయిందో రాశారేమో చూడమన్నాను. రెండు మూడింటికి రాయలేదు. లోపలున్నది ఎవరికి కనిపిస్తుంది తాతా, పిడి రంగు బాగుంది కదా అని నవ్వింది. అలాంటిది కొనకూడదని నేను గట్టిగానే అన్నట్టున్నాను, పిల్ల నవ్వు ఆపి నా మొహంలోకి చూసింది. చివరికి, ఇనుము పిడి కొసదాకా ఉన్నది ఒకటి వెతికి తెప్పించేదాకా నాకు అన్నం సహించలేదు. కత్తుల సంగతి నీకెవరు నేర్పారు అని అడిగితే మా బావ నేర్పాడని చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ అందులో నిజం సగమే ఉంది.

యాభైల చివర మాట. నేను యస్సెల్సీ పరీక్ష రెండోసారి కూడా తప్పి, ఇంట్లో నాన్న కంట పడకుండా తిరగడం ఒక వృత్తిగా చేసుకున్న రోజులు. నాకు ఇరవై ఏళ్ళు. నన్ను చూసి చూసి విసిగిపోయిన నాన్న, కొన్నాళ్ళు మా అక్క వాళ్ళింట్లో ఉండి బావకు తోటపనిలో సాయం చెయ్యమని పంపించాడు. వాళ్ళ ఊరు ఇందుకూరుపేట నుంచి సముద్రం వైపు బండిబాటలో పోతే వస్తుంది. ఊరు దాటాక ఇసుక పర్ర మీద బావకు సరుగుడు తోట ఉండేది. సరుగుడు తోటలో గాలికి ఒక చప్పుడు ఉంటుంది, దూరంగా ఎవరో ఆగకుండా బియ్యం చెరుగుతున్నట్టు. మొదటి వారం ఆ చప్పుడుకి నాకు నిద్ర పట్టేది కాదు. తర్వాత, నెల్లూరు పోతే అది లేక నిద్ర పట్టేది కాదు. తోట మధ్యలో తాటాకు పాక, పాక ముందు ఉప్పదనం తగిలే నీళ్ళ బావి, రాలిన సరుగుడు ఆకు మీద నడిస్తే జారే కాళ్ళు. మా అక్క మధ్యాహ్నం అన్నం గంపలో పెట్టుకుని ఆ ఇసుకలో నడిచి వచ్చేది. ఎండ కాళ్ళకు అంటకుండా ఆమె మొగలి పొదల నీడ నుంచి నీడకు దాటుతూ వచ్చే తీరు చూస్తే తొక్కుడుబిళ్ళ ఆడుతున్నట్టు ఉండేది.

బావ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నడుముకి ఎప్పుడూ ఒక కత్తి ఉండేది. జానెడున్నర పొడవు, వీపు మందం, ముక్కు కొంచెం కిందికి వంగి ఉండేది. వాళ్ళ నాన్న వాడిన కత్తి అట. ఆ కత్తి లేకుండా బావ కనబడితే చొక్కా లేకుండా కనబడినట్టే. తెల్లవారి పళ్ళు తోముకునే పుల్ల కోసుకోవడం దానితోనే, సరుగుడు కొమ్మలు కొట్టడం, పాకకి తాటాకు కోయడం, గొడ్డుకి మేకు చెక్కడం దానితోనే. మధ్యాహ్నం ముంజెకాయ చెక్కితే లోపలి నీళ్ళు ఒక్క చుక్క కింద పడేది కాదు. కత్తుల గురించి అడిగితే మాత్రం ఆయన నోరు తెరుచుకునేది. కత్తి పొడవు పెరిగితే గొప్ప కాదు, మోసేవాడి చెయ్యి అలిసిపోతుంది. మరీ గట్టి ఉక్కు ముడి మీద తగిలితే పెళుసుగా విరుగుతుంది, మరీ మెత్తనిది రెండు దెబ్బలకే మొద్దుబారుతుంది. ఆకురాయి పెట్టి రుద్దితే కొంచెం జారాలి, కొంచెం పట్టాలి. ఇక అన్నింటికంటే ముఖ్యం తోక. కత్తి వెనకాల పిడిలోకి దూరే ఇనుమును ఆయన తోక అనేవాడు. ఆ తోక పిడి కొసదాకా పోయి, అవతల పక్క వంచి కొట్టి ఉంటేనే అది కత్తి, లేకపోతే ఆటబొమ్మ. నేను ఇవన్నీ, యస్సెల్సీ పాఠాలు విన్నంత శ్రద్ధగానే విన్నాను.

ఆ వేసవిలో పాతకత్తి ఒక ముడి మీద విరిగిపోయింది. బావ రెండు ముక్కలూ చేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, నన్ను పిలిచి నెల్లూరు పోయి రమ్మన్నాడు. పెన్న వైపు సందులో ఒక సాయిబు ఉన్నాడు, లారీ కమాను పట్టాలతో కత్తులు కొడతాడు, ఆయన దగ్గరే చేయించాలి, అవసరమైతే నాలుగు రోజులు ఆగైనా సరే. బయల్దేరేటప్పుడు వెనక నుంచి మళ్ళీ పిలిచాడు.

"బామ్మర్దీ, మెరుపు చూడబాక. తోక చూడు. పిడి ఎక్కించకముందే చూడు. ఎక్కించినాక చూసేదానికి ఏముండదు."

సాయిబు గారి కొలిమి కనుక్కోవడం కష్టం కాలేదు. ఆయన కళ్ళద్దాలకు ఒక పక్క కాడ విరిగితే దారం కట్టుకుని, కోతల కోసం వచ్చిన కొడవళ్ళ గుట్ట ముందు కూర్చుని ఉన్నాడు. వారం తర్వాత రమ్మన్నాడు. తొందరగా కావాలంటే వేరేచోట చూసుకోమన్నాడు, కోపంగా కాదు, మామూలుగానే. నేను బయటికి వచ్చాను. సినిమాహాలు ముందు ఒకతను నేల మీద దుప్పటి పరిచి కత్తులు అమ్ముతున్నాడు. అందులో ఒకటి నా మొహం కనిపించేంత మెరుస్తోంది. పిడికి ఇత్తడి కట్లు, కొసన ఇత్తడి మూత, తోలు ఒర, ఒర మీద ఎర్ర దారంతో కుట్టిన పువ్వు. అతను గాలిలో కాగితం ఎగరేసి రెండు ముక్కలు చేసి చూపించాడు. సాయిబు గారు చెప్పిన దానిలో సగం ధర. బావ ఇచ్చిన డబ్బులో మిగిలినదానితో మ్యాట్నీ చూసి, హోటల్లో పూరీ తిని, సాయంత్రం బస్సుకి బయల్దేరాను. ఒక్కరోజులో, సగం ధరలో పని ముగించిన నా తెలివికి నేనే మురిసిపోయాను. దారిలో ఒక్కటే ఆలోచించాల్సి వచ్చింది, బావకి ఏం చెప్పాలా అని.

బావ ఒరలోంచి కత్తి తీసి అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో వీపు తడిమి, "సాయిబు చేతి పని మాదిరి లేదే" అన్నాడు.

"ఆయన కొడుకు చేసినాడు బావా. సిద్ధంగా ఉంటే తెచ్చినా."

"కొడుకా. చెయ్యి తిరగాల ఇంకా," అన్నాడు బావ. నడుముకి పెట్టుకున్నాడు. ఆ సాయిబు మీద ఉన్న నమ్మకం అంతటిది. మిగిలింది ఖర్చయిందని నేను చెప్పనూ లేదు, ఆయన అడగనూ లేదు.

దసరా వెళ్ళాక ఒకరోజు బావ ఆ కత్తి నా చేతికిచ్చి, పిడి కొంచెం ఆడుతోంది, లక్క కరిగించి బిగించమన్నాడు. పెరట్లో పొయ్యి దగ్గర కూర్చుని కొంచెం వేడి చూపానో లేదో, కత్తి ఒక చేతిలోకి, పిడి ఒక చేతిలోకి వచ్చేశాయి. తోక నా చిటికెన వేలంత ఉంది. అంతే పొడవు, అంతకంటే సన్నం. మిగిలిన పిడి నిండా లక్క, ఇటుకపొడి. వంటింటి గుమ్మంలోంచి మా అక్క ఏందిరా అది అని అడిగింది. ఏం లేదక్కా, బిగిస్తుండా అన్నాను. అప్పుడే లేచి వెళ్ళి బావకు చూపించి ఉండవచ్చు. చూపిస్తే సాయిబు కొడుకు సంగతి, సినిమా సంగతి, మిగిలిన డబ్బు సంగతి అన్నీ ఒకదాని వెంట ఒకటి బయటికి వస్తాయి. రెండుసార్లు తప్పిన పరీక్షకు తోడు ఇది. ఇంకో వారంలో ఏదో సాకుతో నెల్లూరు పోయి సాయిబు దగ్గర మంచిది చేయించి, గుట్టుగా మార్చేద్దామనుకున్నాను. పిడి నిండా కొత్త లక్క పోసి, పైన ఇనపతీగ చుట్టి, రాతి మీద మూడుసార్లు కొట్టి చూశాను. నిలిచింది. తీసుకెళ్ళి బావకిచ్చాను. బాగా బిగించినావే అని మెచ్చుకున్నాడు. మరుసటి వారం వానలు పట్టుకున్నాయి, బస్సులు ఆగిపోయాయి.

కార్తీకంలో రెండు రోజులు గాలివాన కొట్టింది. వెలిసిన రోజు పొద్దున తోటకి పోతే సగం చెట్లు వాలి ఉన్నాయి. ఒక పెద్ద చెట్టు పాక మీదికి ఒరిగింది, దాని కొమ్మ ఒకటి కప్పులోకి దిగింది. బావ ఆ కొమ్మ కొట్టడం మొదలుపెట్టాడు. అప్పుడే అక్క అన్నం గంపతో వచ్చింది. గంప దించి, కొమ్మ తెగి కప్పులోకి ఇంకా దిగకుండా దాన్ని పట్టుకుని నిలబడింది. నేను కొంచెం దూరంలో విరిగిన పుల్లలు ఏరుతున్నాను. కత్తి చప్పుడు రెండుసార్లు ఒకలాగా వినబడింది. మూడోసారి చప్పుడు వేరుగా ఉంది. తలెత్తి చూస్తే బావ చేతిలో పిడి మాత్రమే ఉంది. అక్క ఇసుకలో కూర్చుని ఉంది. ఎడమచేత్తో కుడిచేతిని మోచేతి కింద గట్టిగా పట్టుకుని, "ఏం కాలా, గుడ్డ తెండి," అంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం సరుగుడు ఆకు మీదికి కారుతోంది.

బావ తన తలగుడ్డ చింపి కట్టాడు. ఆమెను ఎత్తుకుని ఇసుకలో బండిబాట దాకా పరిగెత్తాడు. వెనకాల రావాల్సిన నేను ఒక పని చేసి వచ్చాను. ఆ పిడి కింద పడి ఉంది, లక్క పగిలి లోపల ఖాళీ కనబడుతోంది. దాన్నీ, పక్కన పడిన కత్తినీ ఇసుకలో లోతుగా కప్పెట్టి పైన కాలితో తొక్కాను. అంత రక్తం చూసి కూడా, నన్ను నేను కాపాడుకోవడం ఎలాగో నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

బండిలో ఇందుకూరుపేట, అక్కడి నుంచి అడిగి ఎక్కించుకున్న లారీలో నెల్లూరు పెద్దాసుపత్రి. కుట్లు వేశారు, ప్రాణానికి భయం లేదన్నారు. నలభై రోజులకు గాయం మానింది. కానీ లోపల నరాలు తెగిపోయాయి. కుడిచేతి మూడు వేళ్ళు ఇక లేవలేదు, అరచేతి వైపు వాలిపోయి అలాగే ఉండిపోయాయి. అక్క ఎడమచేత్తో అన్నీ నేర్చుకుంది. నీళ్ళు తోడడం, పిండి కలపడం, జడ వేసుకోవడం. మా బంధువుల పెళ్ళిలో ఒకసారి అలవాటుగా వడ్డనకు దిగింది. పంక్తిలో కూర్చున్న ఒక పెద్దాయన ఎడమచేతి గరిట చూసి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె బకెట్ గోడవారగా పెట్టి లోపలికి పోయింది. తర్వాత ఏ శుభకార్యంలోనూ ఆమె వడ్డించగా నేను చూడలేదు. ఆ పంక్తిలో నేనూ ఉన్నాను, నా విస్తట్లో అన్నం ఉంది, తిన్నాను.

బావ సంగతి ఇంకా కష్టం. ఎవరు పరామర్శకు వచ్చినా, నా చేత్తోనే చేసినా అనేవాడు. దెబ్బ వాలుగా వేశాననీ, మనిషిని ఎదురుగా నిలబెట్టి కొమ్మ కొట్టిన వెధవను నేనేననీ. కత్తి పట్టడం మానేశాడు. నడుము బోసిగా ఉండేది. కొత్త కత్తి కొనడానికి ఒప్పుకోలేదు. కొమ్మలు కొట్టడానికి కూలివాళ్ళు వచ్చేవాళ్ళు, వాళ్ళు వచ్చినంతసేపూ ఆయన సముద్రం వైపు పోయి కూర్చునేవాడు. తోట అడవిలా పెరిగింది, పాక కప్పు కురిసేది. అరుగు మీద కూర్చుని రెండు చేతులూ ముందుకు చాపి అటూ ఇటూ తిప్పి చూసుకోవడం ఆయనకు అలవాటైపోయింది. నేను మూడోసారికి పరీక్ష పాసయ్యాను, నెల్లూరులో సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. నెలకోసారి అక్క ఊరికి పోయేవాణ్ణి. పోయిన ప్రతిసారీ ఈసారి చెప్పేయాలనుకునేవాణ్ణి. బావ ఎదురొచ్చి "రా బామ్మర్దీ, తిన్నావా" అనేవాడు. ఆ మాటతో నా నోరు మూతపడిపోయేది. అలా నాలుగేళ్ళు గడిచాయి.

అరవైలలో ఒకరోజు పొద్దున్నే అక్క ఒక్కతే బస్సు దిగి నా గదికి వచ్చింది. సాయిబు దగ్గరికి తీసుకుపొమ్మంది. తనకు కత్తి కావాలట. కూలివాళ్ళను నమ్ముకుని తోట ఎన్నాళ్ళు నడుస్తుంది, కొమ్మలు తనే కొట్టుకుంటుంది. బావకు చెప్పావా అంటే చెప్పలేదంది. నాకు ఆఫీసులో పని ఉందన్నాను. సరే, సందు పేరు చెప్పు, నేనే అడుక్కుంటా పోతానంది. తప్పక వెంట వెళ్ళాను.

సాయిబు గారు కొంచెం వంగిపోయాడు, కళ్ళద్దాలకు అదే దారం. అక్క చేతిని ఒకసారి చూశాడు. ఒక కర్రముక్క ఇచ్చి ఎడమచేత్తో పట్టుకుని గాలిలో నరుకుతున్నట్టు ఆడించమన్నాడు. అరచేతి చుట్టూ దారం పెట్టి కొలిచాడు. అందరి కత్తులకూ పదును కుడిచేతివాళ్ళకు తగినట్టు ఒకవైపే తీస్తారనీ, ఎడమచేత్తో అది పట్టుకుంటే కట్టె మీద నుంచి జారి కాలికి తగులుతుందనీ, ఈమెకు అవతలివైపు పదును తీయాలనీ చెప్పాడు. మూలనున్న కమాను పట్టాల్లో మూడింటిని గంట కొట్టినట్టు కొట్టి విని, ఒకటి తీసుకున్నాడు. అక్క అన్నీ అడిగింది. బరువు ముందుకుండాలా, వెనక్కుండాలా, తడి కట్టెకు ఏ పదును, ఎండు కట్టెకు ఏ పదును. తోక పొడవు సంగతి ఆమె చెప్పాల్సిన పని లేకపోయింది, ఆయనే కొలతకు ఒక పాత పిడి పక్కన పెట్టి, కొస దాటి వేలెడు మిగిలేలా సాగగొట్టి చూపించాడు. పని సగంలో ఉండగా, ఊరికే కూర్చోలేక, పెద్దాయనను పలకరింపుగా అక్క అంది, "మా ఇంట్లో మీ కొడుకు చేసిన కత్తి ఒకటి ఉండేది."

సాయిబు గారు సుత్తి ఆపాడు. "నాకు కొడుకు యాడుండాడమ్మా. ముగ్గురూ ఆడబిడ్డలే. నాతోనే ఈ కొలిమి ఆరిపోతుంది."

అక్క నా వైపు చూడలేదు. కొంచెంసేపు నిప్పుల వైపు చూసింది. తర్వాత, "పిడికి చింతకొయ్య మేలా, తుమ్మకొయ్య మేలా?" అని అడిగింది. ఆయన తుమ్మ అన్నాడు. మధ్యాహ్నం దాటేదాకా పని జరిగింది. నేను కొలిమి తిత్తి పక్కన నిలబడే ఉన్నాను.

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక అడిగింది, ఆ కత్తి ఎక్కడ కొన్నావని. చెప్పాను. సినిమా కూడా చెప్పాను.

"పిడి ఊడుతుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసక్కా."

ఆమె కొత్త కత్తిని పాత చీరముక్కలో మళ్ళీ మళ్ళీ చుట్టింది. నన్ను కొడితే బాగుండుననిపించింది. బస్సు వచ్చి జనం ఎక్కుతున్నప్పుడు నెమ్మదిగా అంది. "నా చేతి సంగతి నేను చూసుకున్నా. మీ బావ నాలుగేండ్లుగా ఆయన చేతులు చూసుకుంటా కూర్చోనుండాడు. పోయి ఆయనకు చెప్పు. నేను చెప్పను." నేనూ ఆ బస్సే ఎక్కాను.

పొద్దు వాలకముందే ఊరు చేరాం. బావ అరుగు మీద ఉన్నాడు. నిలబడే చెప్పాను, మొదటి నుంచి, సాయిబు కొలిమి దగ్గర నుంచి ఇసుకలో కప్పెట్టిన పిడి దాకా. అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు. "పిడి బిగించిన పొద్దు, తోక చూసినావా?"

"చూసినా బావా."

ఆయన తల ఊపాడు. అక్క చేతిలోని మూట తీసుకుని విప్పాడు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆయన చెయ్యి కత్తి పట్టింది. తోక కొస తడిమి చూశాడు. చూరులోంచి ఒక పుల్ల లాగి చెక్కబోతే కత్తి జారింది. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ జారింది. పదును ఎటువైపు ఉందో చూసి, అక్క మొహం చూసి, "ఇది నాకు పనికిరాదు. నీదే," అని ఆమెకిచ్చాడు. ఆ రోజు అంతకుమించి ఏమీ జరగలేదు. మరుసటి వారం ఆయన తనంతట తాను సాయిబు దగ్గరికి పోయి తనకొకటి చేయించుకున్నాడు. ఆ ఏడు తోట మళ్ళీ తోటలా కనిపించింది. అక్క ఎడమచేత్తో, ఆయన కుడిచేత్తో, ఒకే చెట్టుకు చెరోవైపు కొమ్మలు కొడుతుంటే నేను గట్టు మీద నిలబడి చూశాను. నన్ను రమ్మని ఎవరూ పిలవలేదు.

అక్క కొన్నాళ్ళకు నాతో మామూలుగా మాట్లాడింది. బావ కూడా మాట్లాడాడు, ఒక్కనాడూ తిట్టలేదు, పాత సంగతి ఎత్తలేదు. కానీ ఆ సాయంత్రం తర్వాత నేను మొదటిసారి వెళ్ళినప్పుడు లేచి నిలబడి, "రండి, కూర్చోండి," అన్నాడు. ఎవరో వెనక ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. తనకంటే పదేళ్ళు చిన్నవాణ్ణి, పెళ్ళిలో ఆయన కాళ్ళు కడిగిన బావమరిదిని, నన్ను ఆయన ఆ రోజు నుంచి మీరు అనే పిలిచాడు. సర్కారు ఉద్యోగస్తుడని మర్యాద ఇస్తున్నాడని ఊళ్ళోవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. అక్క వింటూ తల వంచుకునేది.

ఆయన మళ్ళీ నన్ను నువ్వు అంటాడేమోనని ఇరవై రెండేళ్ళు ఎదురుచూశాను. వచ్చే నెల అంటాడు, వచ్చే ఏడు అంటాడు అనుకుంటున్నంతకాలం కాలం కదులుతున్నట్టే అనిపించలేదు. ఆయన పోయాక లెక్క చూసుకుంటే, నా వయసంతా ఆ ఎదురుచూపులోనే అయిపోయింది.